యాకమ్మ గుర్రాన్ని అమ్మిన తీరు

యాకమ్మకు అమ్మడం రాదు. ఈ మాట ఆమె ముందే పదిసార్లు అన్నాను, ఇప్పుడూ అంటాను. ఖిలా వరంగల్‌లో మట్టికోట గేటు దాటగానే కుడిచేతి వైపు నాది కిరాణా కొట్టు. తాతనాటి నుంచి అమ్మడమే మా పని. అమ్మేవాడు అబద్ధం చెప్పకూడదు, సరే. కానీ అడగని నిజాలన్నీ తెచ్చి కొనేవాడి ఒళ్లో పోయాలని ఏ శాస్త్రంలో ఉంది? కందిపప్పు కోసం వచ్చినవాడికి ఇందులో రెండు రాళ్లున్నాయి, మూడోది కూడా ఉండొచ్చు అని నేను చెబుతానా? యాకమ్మయితే చెబుతుంది. ఆ రాళ్లు ఏరి చేతిలో పెట్టి మరీ చెబుతుంది.

ఆమె ఇల్లు మా కొట్టు పక్క సందులో మొదటిది. పాలకుర్తి అవతల ఏదో ఊళ్లో పత్తి ఏరుతూ పెరిగిన పిల్ల, పదహారేళ్లకు టాంగా ఇంటికి కోడలై వచ్చింది. వాళ్ల మామ వరంగల్ స్టేషను నుంచి కోట దాకా టాంగా తోలేవాడు. కాపురానికి వచ్చిన రెండో రోజు పొద్దున్నే అత్తగారు నానిన ఉలవల బకెట్టు చేతికిచ్చి గుర్రానికి పెట్టి రమ్మన్నదట. గుర్రం ఒక్కసారి తల విదిలించేసరికి బకెట్టు అక్కడే పడేసి వీధిలోకి పరుగు. మా నాన్న కొట్టు అరుగు మీద నుంచి అది చూసి వారం రోజులు నవ్వాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పిల్లే పదేళ్లు తిరిగేసరికి గుర్రానికి కడుపునొప్పి వచ్చినా, గిట్ట చీలినా చుట్టుపక్కల వాళ్లు పిలుచుకుపోయే మనిషి అయింది.

ఆటోలు వచ్చి టాంగాలు పోయాక ఆమె భర్త రాయమల్లు గుర్రాలను పెళ్లి బరాత్‌లకు తిప్పడం మొదలుపెట్టాడు. తెల్లగుర్రం ఒకటి ఉండేది వాళ్లకు. ఐదేళ్ల కిందట హనుమకొండలో ఒక బరాత్‌లో ఎవరో తాగిన మత్తులో టపాకాయల సరం దాని కాళ్ల కిందికి విసిరారు. గుర్రం బెదిరి పరుగు తీసింది. పెళ్లికొడుకు దూకి బతికాడు. పగ్గం చేతికి చుట్టుకుని ఉన్న రాయమల్లును అది చౌరస్తా దాకా ఈడ్చుకుపోయింది. తుంటి విరిగింది. రెండు దవాఖానలు తిరిగినా మళ్లీ సరిగ్గా నిలబడలేదు. అప్పటి నుంచి ఆయన లోపలి గదిలో నులకమంచం మీదే.

ఆ తెల్లగుర్రం అప్పటికి చూలుతో ఉంది. నెలలు నిండాక ఆడపిల్లను ఈని, రెండో రోజే చచ్చిపోయింది. పిల్లకు యాకమ్మ సీసాతో ఆవుపాలు పట్టి పెంచింది, మైనా అని పేరు పెట్టింది. బరాత్ అన్న మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు. సుల్తాన్ అనే ముసలి గుర్రాన్ని కోటలోని రాతి తోరణాల దగ్గరికి తోలుకుపోయి, చూడవచ్చిన వాళ్ల పిల్లల్ని ఎక్కించి ఒక చుట్టు తిప్పి సంసారం ఈదుకొస్తోంది. మైనాకు నాలుగో ఏడు వచ్చాక జీను వేయడం, కళ్లెం పెట్టడం, మనిషిని కూర్చోనివ్వడం అలవాటు చేసింది. కర్ర పట్టకుండా నేర్పింది. అంతవరకే నేర్పగలిగింది, మంచంలో మనిషినీ సుల్తాన్‌నూ చూసుకునేసరికి పొద్దు గూకుతుంది.

ఇంతలో గుర్రాలు కట్టేసే జాగా పోయింది. అది మా కొట్టుకూ వాళ్లింటి గోడకూ మధ్య ఉన్న ఓంప్రకాశ్ అనే ఆయన ప్లాటు. ఇన్నాళ్లూ ఏమీ అనలేదు, దసరా దాటగానే ఇల్లు మొదలుపెడుతున్నాం, ఖాళీ చేయమన్నాడు. యాకమ్మ ఇంటి పక్కన రేకుల కింద ఒక్క గుర్రం పడుతుంది. సుల్తాన్‌ను కొనేవాడు లేడు, పైగా తిండి పెట్టేది వాడే. కాబట్టి మైనాను అమ్మాలి. దసరా లోపల అమ్మాలి. మంచివాడికి అమ్మాలి అన్నది యాకమ్మ కలుపుకున్న షరతు, ఆ షరతే మా అందరి ప్రాణం తీసింది.

ఫోన్లో అమ్మకాల గ్రూపులో పెడదామని నేనే అన్నాను. మైనా ఫొటో తీసి, కింద "పూర్తిగా ట్రైనింగ్ అయిన గుర్రం, బుద్ధిమంతురాలు" అని రాశాను. యాకమ్మ చదివి వినిపించమన్నది, వినిపించాను.

"పూర్తిగ ఎక్కడయ్యింది సేటూ? అది తీసెయ్. నేను చెప్త, నువ్వు రాయి."

"చెప్పక్కా."

"నడువ్ అంటే నడుస్తది. ఆగు అంటే ఆగుతది. మనిషిని కూసోనిస్తది. పరుగు రాదు. ఎడమకు తిరుగుతది, కుడికి మొరాయిస్తది. బాజాలకు బెదురుతది. పక్కపొంటి ఆటో పోతే చెవులు ఎనక్కి పెడ్తది. కరవది, తన్నది."

"అక్కా, ఇది గుర్రమా, దవాఖాన చీటీయా?"

"రాయి సేటూ. మల్ల వచ్చి నన్ను అడుగొద్దు ఎవ్వలు."

రాశాను. నాలుగు రోజులు ఒక్క ఫోను లేదు. నేను చెప్పలేదా అన్నట్టు చూశాను. ఆమె ఉలవలు తూకం వేయించుకుని పోయింది.

ఐదో రోజు గట్టయ్య వచ్చాడు. హనుమకొండలో నాలుగు బరాత్ గుర్రాలు, ఒక బ్యాండు, ఒక డీజే బండి ఉన్న మనిషి. రాయమల్లుకు పాత దోస్తు. మైనా చుట్టూ రెండుసార్లు తిరిగి, మెడ దగ్గర వెంట్రుకలు పక్కకు తీసి, నాలుక చప్పరించాడు.

"యాకమ్మా, గీ సుడి చూసినవా? మెడ మీద సుడి ఇంటి యజమానికి మంచిది కాదు. మనోళ్లని నేను అడుగుతాన గని వేరేటోడైతే ముట్టుకోడు."

"మా ఇంటి యజమాని మంచంల పడ్డది ఇది పుట్టకముందు. ఆయనకు సుడి ఏం జేసింది? ఇంకేమన్న ఉంటే చెప్పు."

గట్టయ్య సుడి మాట వదిలేశాడు. కానీ వ్యాపారస్తుడు కదా, రెండో దారి పట్టాడు. దసరా కాగానే లగ్గాలు మొదలవుతాయి, మైనా రంగు బాగుంది, ఎంతయినా ఇస్తానన్నాడు.

"బాజాలకు బెదురుతదని రాయించిన గద. ఏడాదన్న అలవాటు చెయ్యాలె."

"చెవుల్ల దూది పెడితే అయిపాయె. రెండు బరాత్‌లు చూస్తే అదే అలవాటు పడ్తది."

"దాని తల్లికి గూడ గట్లనే అన్నరు గట్టన్నా."

"నువ్వు గుర్రం అమ్ముతానవా, బిడ్డకు సంబంధం చూస్తానవా?"

"ఏదనుకున్న సరే. నీకు ఇయ్య."

గట్టయ్య రేటు పెంచాడు. నాకైతే అరుగు మీద కూర్చున్నవాణ్ణి లేచి నిలబడాలనిపించింది, అంత పెంచాడు. యాకమ్మ మైనా మెడ నిమురుతూ నిలబడింది. చివరికి గట్టయ్య బండి స్టార్టు చేస్తూ అన్నాడు, "దసరా ముందురోజు వస్త. అప్పుడు నీకు కట్టేసుకునే జాగ ఉండదు, నేను చెప్పిందే రేటు. ఫికర్ చెయ్యకు, నేనే తీస్కపోత." ఆ మాట నిజమని నాకూ తెలుసు, యాకమ్మకూ తెలుసు. ఈ లోపు ఇంకెవరూ దొరక్కపోతే మైనా చెవుల్లో దూదితో డీజే బండి ముందు నడవాల్సిందే.

వారం తర్వాత కిషన్ రావు వచ్చాడు. హైదరాబాదులో గుర్రపు పోలీసుల్లో ముప్పై ఏళ్లు చేసి రిటైరై, ధర్మసాగర్ పక్కన మామిడితోట పెట్టుకున్నాడు. పొడుగాటి మనిషి, నిటారుగా నడుస్తాడు. రాగానే రేటు అడగలేదు. మైనా పళ్లు చూశాడు, నాలుగు గిట్టలూ ఎత్తి చూశాడు, వెన్ను మీద అరచేయి పెట్టి కాసేపు ఊరుకున్నాడు. యాకమ్మ ముఖం విప్పారింది. గుర్రాన్ని అలా ముట్టుకునే మనిషిని ఆమె మామ పోయాక మళ్లీ చూడలేదట. ఆమె చెప్పిన రేటుకు ఆయన తల ఊపాడు కూడా. పని అయిపోయినట్టే అనుకున్నాను.

"ఒకసారి ఎక్కి చూస్త," అన్నాడు.

ఎక్కాడు. యాకమ్మ అలవాటు కొద్దీ గుర్రం తల దగ్గర నిలబడి పగ్గం పట్టుకుంది.

"నువ్వు దూరం జరుగమ్మా," అన్నాడు.

ఆమె వచ్చి మా అరుగు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. కిషన్ రావు "నడువ్" అన్నాడు. మైనా నిలబడే ఉంది. మళ్లీ అన్నాడు. మూడోసారి గట్టిగా అన్నాడు. మడమతో మెల్లగా ఒత్తాడు. అది ఉన్నచోటనే రెండు చుట్లు తిరిగి, తిన్నగా యాకమ్మ వైపు బయల్దేరింది. "ఆగు" అన్నాడు, ఆగలేదు. పగ్గం లాగి "ఆగు" అన్నాడు, అయినా ఆగలేదు. వచ్చి యాకమ్మ భుజానికి తల ఆనించి అప్పుడు ఆగింది.

కిషన్ రావు దిగాడు.

"అమ్మా, దీనికి నడువ్, ఆగు తెలుసని రాసినవ్."

"తెలుసు సార్. మీ గొంతు కొత్త."

"కొత్త గొంతైతే చెవు తిప్పుతది, ఆలోచన చేస్తది. దీనికి మాటే తెల్వదు. రాకపోతే నాకు బాధ లేదమ్మా, నేను నేర్పుకుంట. కని రానిది వచ్చని చెప్తే ఎట్ల? ఇయ్యాల నడువ్ అన్నది అబద్ధమైతే, కరవది అన్న మాట నేనెట్ల నమ్మాలె?"

"అబద్ధమా? నేనా?"

యాకమ్మకు కోపం వస్తే సందు చివరి దాకా వినపడుతుంది. పగ్గం అందుకుని, చేయి లేపి, "నడువ్!" అన్నది. మైనా నడిచింది. "ఆగు!" ఆగింది. మళ్లీ నడిచింది, మళ్లీ ఆగింది.

"చూడుండ్రి! కండ్లు లేవా మీకు?"

"నీతో నడుస్తాంది," అన్నాడు కిషన్ రావు, గొంతు పెంచకుండా. "నీతో నడిచే గుర్రాన్ని నువ్వే ఉంచుకో." చెప్పులు దులుపుకుని కారెక్కి వెళ్లిపోయాడు.

ఆ రోజు యాకమ్మ మా కొట్టుకు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఏమీ కొనలేదు. "నన్ను అబద్ధాలది అన్నడు సేటూ" అని చెప్పి వెళ్లిపోయింది. పెద్దవాళ్లు అలాగే అంటారు, రేటు తగ్గించడానికి వేసే ఎత్తు అని సముదాయించాను. ఆమె వినలేదు. రేటు తగ్గించాలనుకునేవాడు ఒప్పుకున్నాక ఎందుకు పోతాడని అడిగింది.

మర్నాడు పొద్దున నేను షట్టరు ఎత్తకముందే వచ్చి చేయి పట్టుకుని లాక్కుపోయింది. మైనా పగ్గం నా చేతిలో పెట్టింది.

"నడువ్ అను సేటూ."

అన్నాను. గుర్రం నన్ను చూసి తల తిప్పుకుంది. ప్రేమగా అన్నాను, కసిరి అన్నాను. ఉలవలు ఇన్నేళ్లు నేనే తూచి ఇచ్చానన్న కృతజ్ఞత కూడా లేదు దానికి. యాకమ్మ ముఖంలో రంగు పోయింది. "నాకు తప్ప ఎవ్వలకు నడుస్తలేదేంది?" అని అటూ ఇటూ తిరుగుతోంది.

అప్పుడు లోపల మంచం మీద నుంచి రాయమల్లు కేకేశాడు. ఆయనకు గోడ అవతల జరిగేది కనపడదు, అన్నీ వినే తెలుసుకుంటాడు.

"యాకమ్మా! నీ గాజులు."

"గాజులేంది?"

"నువ్వు నడువ్ అన్నప్పుడు చెయ్యి లేపుతవ్, గాజులు గలగలమంటయ్. ఆగు అన్నప్పుడు చెయ్యి దించుతవ్, సప్పుడు ఆగుతది. అది నడుస్తాందో ఆగిందో నేను గా సప్పుడుతోనే చెప్త. సేటు కాడ సప్పుడు లేకపాయె, నడక లేకపాయె."

యాకమ్మ మైనాకు ఎదురుగా వచ్చి నిలబడింది. తర్వాత పెదవి కదపకుండా కుడిచేయి మాత్రం ఎత్తి ఊపింది. అర డజను మట్టిగాజులు గలగలమన్నాయి. మైనా నడిచింది. చేయి దించింది, మైనా ఆగింది. మళ్లీ ఊపింది, మళ్లీ నడిచింది. నాకు నవ్వు ఆగలేదు. ఆమె మాత్రం గుమ్మంలో కూలబడింది. సీసాపాలు పట్టిన రోజు నుంచీ దానికి ఆ చప్పుడే తల్లి. ఏడాదిపాటు ఈమె మాట నేర్పుతున్నాననుకుంది, అది మాటను పక్కన పెట్టి గాజుల చప్పుడు నేర్చుకుంది. కిషన్ రావు అన్నది అక్షరాలా నిజం. నిజాలు చెప్పుకుని గర్వపడే మనిషి అబద్ధం రాయించింది, పైగా నిజం చెప్పినవాడితో కొట్లాడింది. ఆమెకు సిగ్గేసింది, చచ్చేంత సిగ్గేసింది, ఆ మాట నోరు తెరిచి మా ముందే అన్నది.

నా బుర్ర వేరేగా పనిచేసింది. "అక్కా, పరేషాన్ ఎందుకు? ఈసారి ఎవరన్న వస్తే నువ్వు పక్కన నిలబడి జర చెయ్యి ఊపు. ఎవనికి తెల్వదు."

ఆమె నన్ను చూసిన చూపు నేను రాయలేను. "ఫోన్ కలుపు," అన్నది. "కిషన్ రావు సారుకు."

కలిపాను. స్పీకరులో పెట్టాను.

"సార్, నేను యాకమ్మను. మీరన్నదే నిజం. దానికి మాట రాదు. గాజుల సప్పుడుకు నడుస్తాంది. నేనే తప్పు నేర్పిన, మల్ల మిమ్మల్నే అన్న. దసరా ఇంక పన్నెండు దినాలున్నది. ముందురోజు ఒక్కసారి రాండ్రి. అప్పటికి నేర్పుత."

"పన్నెండు దినాలల్ల పాత అలవాటు పోదమ్మా."

"పోకపోతే కొనకుండ్రి."

"చూద్దాం," అని పెట్టేశాడు. వస్తాననలేదు, రాననలేదు.

గాజులకు గుడ్డ చుట్టి చూసింది మొదట. మైనా చెవులకు గుడ్డ ఒక లెక్కా? లోపల సన్నగా ఒరుసుకున్నా నడుస్తోంది. చేతికి ఒక్కటే ఉంచుకుంటే అది పగ్గం ఇనప కొక్కేనికి తగిలి మోగుతోంది. తీసేయాలి, ఇంకో దారి లేదు. సబ్బు రాసి లాగింది, నూనె రాసి లాగింది. ముప్పై ఏళ్ల నుంచి పగ్గాలు పట్టిన చేతులు, కణుపులు లావెక్కి ఉన్నాయి. నాలుగు వచ్చాయి, మిగతావి రాలేదు. రోకలి తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంది.

పక్కింట్లోనే ఉండే రాయమల్లు అక్క మొగిలమ్మ అది చూసి గుండెలు బాదుకుంది.

"ఓసి నీ చేతులు పడిపోను! మొగడు బతికుండంగ గాజులు పలగ్గొట్టుకుంటవానే? బతుకమ్మ రెండొద్దులున్నది, బోసి చేతులతోని ఆడుతవా? గుర్రం కోసం మా తమ్ముని ఆయుష్షు తీస్తవా?"

యాకమ్మ రోకలి ఎత్తిన చేయి ఆగింది. దేనికీ వెనకాడని మనిషి, ఆ మాటకు మాత్రం భయపడింది. గది వైపు చూసింది.

"పలగ్గొట్టు," అన్నాడు లోపల నుంచి రాయమల్లు. "నేను బతికే ఉన్న. ఎవ్వలకన్న అనుమానముంటే లోపలికొచ్చి చూసిపొమ్మను."

ఎనిమిది గాజులు పగిలాయి. ముక్కలు చీపురుతో ఊడ్చి, చేతులు కడుక్కుని, అప్పుడే మైనా దగ్గరికి పోయింది.

మొదటి ఐదు రోజులు ఏమీ జరగలేదు. ఆమె "నడువ్" అంటుంది, మైనా ఆమె మణికట్టు వైపు చూస్తుంది. చేతులు కొంగులో దాచుకుని మళ్లీ అంటుంది. భుజం మీద పగ్గం కొసతో తాకించి అంటుంది. అది ఒక్క అడుగు వేస్తే తాకడం ఆపేసి మెడ నిమురుతుంది. పొద్దున సుల్తాన్‌ను తోరణాల దగ్గరికి తీసుకుపోకముందు ఒక గంట, వచ్చాక చీకటి పడేదాకా. ఇక మానుకో అక్కా, గట్టయ్య రేటు పెద్దదే అన్నాను మూడో రోజు. ఇంకో రెండు కిలోల ఉలవలు తూచమన్నది, అంతే.

బతుకమ్మ పండగ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, బోసి చేతులతోనే బతుకమ్మను ఎత్తుకుని వచ్చింది. చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగే ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఆమె పక్క నుంచి మెల్లగా జరిగారు. మొగిలమ్మ అది చూసింది. ఇంట్లో ఎంత తిట్టినా బయటివాళ్లు తన మరదలి పక్కన నిలబడకపోతే ఊరుకుంటుందా? ఇంటికి పోయి పసుపులో ముంచిన దారం తెచ్చి, అందరి ముందు యాకమ్మ రెండు చేతులకూ కట్టింది. "మా తమ్ముడు రాయిలెక్క ఉన్నడు. ఎవ్వలకన్న నొప్పా?" అన్నది. ఎవరికీ నొప్పి లేదు. ఆట మళ్లీ సాగింది.

ఆరో రోజు మైనా మాట విని నడిచింది. మూడు అడుగులే నడిచింది, కానీ చేయి చూడకుండా నడిచింది. నేను సాంబ్రాణి పొట్లం కడుతున్నవాణ్ణి వదిలేసి బయటికి వచ్చి చూశాను. ఆ తర్వాత యాకమ్మ మా కొట్టుకు వచ్చేవాళ్లను వదల్లేదు. సబ్బు కోసం వచ్చినవాడైనా, చక్కెర కోసం వచ్చిన ముసలమ్మైనా ముందు మైనా పగ్గం పట్టి నడువ్, ఆగు అని రావాలి. కొత్త గొంతులు కావాలట. రెండు రోజుల్లో మా కొట్టుకు వచ్చేవాళ్లు సగమయ్యారు. నేను గొణిగాను. ఆమె నాతో కూడా రోజుకు నలభైసార్లు అనిపించింది. నా గొంతుకు నడిచిన రోజు, నిజం చెప్పాలంటే, మా ఇంట్లో అందరికీ ఫోను చేసి చెప్పాను.

దసరా ముందురోజు పొద్దున గట్టయ్య వ్యాను తెచ్చి కొట్టు ముందు ఆపాడు. వెనక తలుపు దించి, గుర్రం ఎక్కడానికి చెక్క పలక కూడా వేశాడు, అంత నమ్మకం. ఓంప్రకాశ్ ప్లాటులో అప్పటికే ఇటుకలు దింపుతున్నారు. కిషన్ రావు జాడ లేదు. యాకమ్మ గేటు వైపు చూడలేదు, చూస్తే గట్టయ్యకు అలుసవుతుందని. నేను మాత్రం మెడ నొప్పి పుట్టేలా చూశాను. పదిన్నరకు ఆయన కారు వచ్చింది, వెనక గుర్రాల ట్రాలీతో. ట్రాలీ చూసి నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆయన పలకరింపులు పెట్టుకోలేదు. మైనా మీదికెక్కి, యాకమ్మ దూరం జరిగేదాకా ఆగి, "నడువ్" అన్నాడు.

మైనా చెవి తిప్పింది, ఆలోచించింది, నడిచింది.

మట్టికోట గోడ పొడవునా తీసుకుపోయి తిప్పుకొచ్చాడు. "ఆగు" అన్నాడు. అది ఇంకా కొంచెం నడిచి ఆగింది. మళ్లీ పోయి మళ్లీ వచ్చాడు. మళ్లీ అంతే.

"ఆగు అన్నంక నాలుగడుగులు పోతాంది," అన్నాడు దిగి.

"ఐదు సార్," అన్నది యాకమ్మ. "పొద్దున అయితే నాలుగు. ఎండ పడితే ఐదు."

నేను నెత్తి పట్టుకున్నాను. గట్టయ్య పకపకా నవ్వాడు. కిషన్ రావు నవ్వలేదు.

"మొన్న ఒప్పుకున్న రేటు ఇయ్యనమ్మా. అది అన్నీ వచ్చన్న గుర్రం రేటు."

"అట్లెట్ల సార్? మొన్న రానిదాన్ని వచ్చని చెప్పి గా రేటు అడిగిన, అది నాది తప్పు. ఇయ్యాల వచ్చు. మొన్న అడుగుడు తప్పైతే ఇయ్యాల అదే రేటు అడుగుడు న్యాయం. ఒక్క రూపాయి తగ్గ."

గట్టయ్య మధ్యలోకి వచ్చి దానికి మరికొంత కలిపి చెప్పాడు. ఇద్దరం ఉన్నాం కాబట్టి వేలం అనుకో యాకమ్మా అన్నాడు.

"నీకు మొన్న ఇయ్యలే, ఇయ్యాల ఇయ్య. పలక ఎత్తుకో గట్టన్నా." ఆమె కిషన్ రావు వైపు తిరిగింది. "కుడికి ఇప్పటికి గూడ తిరుగదు. బాజాల కాడికి తీస్కపోవద్దు. దానికి ఒప్పుకుంటేనే పగ్గం ఇస్త. లేకపోతే మా ఇంట్ల, మా మంచం పక్కన కట్టేసుకుంట."

కిషన్ రావు ఆమె చేతులకున్న పసుపు దారాలు చూశాడు. "మా తోటల బాజాలు ఎక్కడియమ్మా, పిట్టలే," అన్నాడు. జేబులో నుంచి చెక్కు తీశాడు. పాత రేటే రాసి ఉంది దాని మీద, ఇంటి దగ్గరే రాసుకొచ్చాడు. ఇంతసేపు ఎందుకు బేరమాడినట్టో అడగాలనిపించింది, కానీ ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.

మిగిలింది ట్రాలీ ఎక్కించడం. మైనా ఎప్పుడూ బండి ఎక్కలేదు. పలక వాసన చూసి వెనక్కి జరిగింది, తల తిప్పి యాకమ్మ కోసం చూసింది. అందరం ఆమె వైపు చూశాం. ఆమె ముందు నడిస్తే ఒక్క నిమిషంలో ఎక్కుతుంది.

యాకమ్మ కదల్లేదు. "నేనుంటే అది మీ మాట వినదు," అని కిషన్ రావుకు చెప్పి, మైనాను ముట్టుకోకుండా, వెనక్కి తిరిగి చూడకుండా ఇంట్లోకి పోయింది. తలుపు దగ్గరికి వేసుకుంది.

మైనా ఒకసారి సకిలించింది. కిషన్ రావు పగ్గం వదులుగా పట్టుకుని, లాగకుండా, "నడువ్" అన్నాడు. అది తలుపు వైపే చూస్తోంది. మళ్లీ అన్నాడు. పావుగంట అలాగే నిలబడ్డాడు, మధ్యమధ్య ఆ ఒక్క మాటే అంటూ. తర్వాత దాని చెవి ఆయన వైపు తిరిగింది. ముందుకాలు పలక మీద పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. నాలుగు గిట్టలూ చెక్క మీద టకటకమన్నాయి.

చెప్పడానికి నేను లోపలికి పరిగెత్తాను. యాకమ్మ రాయమల్లు మంచం పట్టె మీద కూర్చుని ఉంది. ఆయన ఆమె రెండు చేతులూ తన చేతుల్లో పట్టుకుని ఉన్నాడు.

"చెప్పకు సేటూ, విన్నం," అన్నది. "నేను లేకుంట ఎక్కింది. ఆయన మాట ఇని ఎక్కింది."

అని గట్టిగా ఏడ్చింది. రాయమల్లును చౌరస్తా నుంచి మోసుకొచ్చిన రోజు కూడా ఆమె ఏడవడం నేను చూడలేదు.